ఒకటో తారీఖు చీటీ: తిరుపతి చిల్లర అంగళ్లకు దెబ్బ ఎక్కడ తగులుతోంది

జీతాలు పడే వారంలో కొర్లగుంటలోనో, ఎం.ఆర్.పల్లిలోనో, బైరాగిపట్టెడలోనో ఒక చిల్లర అంగట్లో గల్లాపెట్టె పక్కన మేకుకు గుచ్చిన కాగితాలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు, ఆ అంగడి నడక తెలిసిపోతుంది. సన్నబియ్యం ఒక మూట, కందిబేడలు రెండు కిలోలు, ఉద్దిబేడలు కిలో, చక్కెర మూడు కిలోలు, చెనక్కాయ నూనె ఐదు లీటర్లు, చింతపండు కిలో, ఎండుమిరపకాయలు అరకిలో, తెల్లగడ్డలు పావుకిలో, బట్టల సబ్బులు ఆరు. ఇంట్లో రాసి పిల్లవాడి చేత పంపిన నెల సరుకుల చీటీ అది. అంగడి కుర్రవాడు ఒక్కో వస్తువు కట్టి, కట్టినదానికల్లా పెన్సిల్‌తో గీత కొట్టి, సాయంత్రానికి బండి మీద ఇంటికి చేరుస్తాడు.

బైపాస్ రోడ్ల మీద పెద్ద సూపర్‌మార్కెట్లు వచ్చాక ముందుగా తగ్గింది ఈ చీటీలే. పాల ప్యాకెట్, కోడిగుడ్లు, ఐదు రూపాయల షాంపూ, అర్ధరాత్రి తలనొప్పి మాత్ర, వంట మధ్యలో అయిపోయిన పోపుగింజలు... వీటికి జనం ఇప్పటికీ వీధి చివరి అంగడికే వస్తున్నారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అంగడి ముందు రద్దీ అలాగే ఉంది. అందుకే బయట నుంచి చూసేవారికి ఏమీ మారినట్టు కనిపించదు. షట్టర్ మూతపడిందా లేదా అని చూడటం ఇక్కడ తప్పు కొలత. రద్దీ ఉంటూనే ఆదాయం సగానికి పడిపోయిన అంగళ్లు ఉంటాయి. ఎలాగో లెక్కలోకి దిగితేనే అర్థమవుతుంది.

ఒక మధ్యరకం కాలనీ అంగడిని ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 5 లక్షల అమ్మకం. అందులో చీటీల మీద పోయేది 2 లక్షలు, రోజువారీ చిల్లర 3 లక్షలు. చీటీ సరుకు మీద సగటున 9 శాతం మిగులుతుందనుకుంటే 18,000. చిల్లర మీద 32,000. మొత్తం 50,000. ఖర్చులు: అద్దె 12,000, పనివాడికి 10,000, ఫ్రిజ్‌తో కలిపి కరెంటు 4,000, ఆటో కిరాయి, కవర్లు, ఎలుకలకూ పురుగుకూ పోయే సరుకు కలిపి మరో 4,000. వెరసి 30,000. ఇంటికి మిగిలేది 20,000.

ఇప్పుడు చీటీ ఖాతాదారుల్లో సగం మంది పెద్ద దుకాణానికి వెళ్లారు. అమ్మకం 5 లక్షల నుంచి 4 లక్షలకు దిగింది. అంటే 20 శాతమే తగ్గింది. కానీ మార్జిన్‌లో 9,000 పోయింది. అద్దె తగ్గదు, ఫ్రిజ్ కరెంటు తగ్గదు, పనివాడి జీతం తగ్గదు. 41,000 లోంచి 30,000 తీసేస్తే ఇంటికి మిగిలేది 11,000. అమ్మకం ఐదో వంతు పడితే యజమాని రాబడి 45 శాతం పడింది. పెద్ద దుకాణాల ప్రభావం గురించిన చర్చల్లో ఎక్కువగా వినిపించేది అమ్మకాల శాతమే. అంగడి కుటుంబం బతికేది మాత్రం ఆ చివరి గీత కింద మిగిలినదాని మీద.

దీనికన్నా లోతైన దెబ్బ అప్పు దగ్గర ఉంది. పెద్ద దుకాణానికి వెళ్లేది ఎవరు? నెల జీతం, చేతిలో డబ్బు, బండో కారో ఉన్నవాళ్లు. అంగడికి నగదు ఇచ్చేదీ వాళ్లే. మిగిలేది రోజుకూలీ, తోపుడుబండి, ఆటో, హోటల్ పని మీద బతికే ఇళ్లు. వాళ్లకు పద్దు కావాలి. పై అంగట్లో లక్షన్నర అప్పు ఖాతాల్లో ఉందనుకుంటే, 5 లక్షల అమ్మకంలో అది 30 శాతం. అమ్మకం 4 లక్షలకు పడిన రోజున, కొత్తగా ఎవరికీ ఒక్క రూపాయి అప్పివ్వకపోయినా అదే లక్షన్నర 37.5 శాతం అవుతుంది. అవతల అంగడికి కంపెనీల సరుకు వేసే ఏజెన్సీవాళ్లు బిల్లుకు వారం రోజుల గడువే ఇస్తారు. కొన్ని కంపెనీల సరుకు డబ్బు కట్టందే దిగదు. మధ్యలో ఉన్న ఆ ఖాళీ రోజువారీ ఫైనాన్స్‌తో నిండుతుంది.

రోజువారీ ఫైనాన్స్ లెక్క ఎక్కువచోట్ల ఒకేలా ఉంటుంది: పదివేలు రాసుకుని చేతికి తొమ్మిదివేలు ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా వడ్డీ అనిపిస్తుంది. అసలు రోజూ తిరిగిపోతూ ఉంటుంది కాబట్టి, చేతిలో నిజంగా ఉన్న డబ్బు మీద కట్టి చూస్తే ఏడాదికి 75 శాతం దాటుతుంది. నెలకు 6 శాతం పైచిలుకు. నెలకొకసారి తిరిగే సరుకు మీద పది శాతం మిగిలే వ్యాపారంలో ఆరు శాతం వడ్డీకే పోతే, అంగడి ఎవరి కోసం తెరుస్తున్నట్టు? మూతపడే అంగళ్ల కథ చాలాసార్లు ధరల పోటీతో మొదలై ఈ వసూలు పుస్తకంతో ముగుస్తుంది.

పెద్ద దుకాణానికి తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుంది

కంపెనీ సరుకు అంగడికి చేరేలోపు స్టాకిస్టు, ఏజెన్సీ అనే మెట్లు దాటుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత మార్జిన్ ఆగుతుంది. పెద్ద దుకాణం కంపెనీతో నేరుగా మాట్లాడుకుని ఆ మెట్ల మార్జిన్ కూడా తనే తీసుకుంటుంది. దాని మీద అరల్లో కంటికి ఎదురుగా ఉండే చోటుకు, వరస చివర గుట్టగా పేర్చే చోటుకు కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటుంది. సొంత పేరుతో పప్పులు, పిండి, ఫినాయిల్ ప్యాక్ చేయించి అమ్ముతుంది. 2002లో ముంబైలోని పొవాయిలో మొదలైన డీమార్ట్ పద్ధతి ఇందులో మరో అడుగు ముందుకు వేసింది: వీలైనంతవరకు సొంత స్థలంలో దుకాణం, సరుకు ఇచ్చినవాడికి త్వరగా డబ్బు, ఆ త్వరకు బదులుగా మరికొంత తగ్గింపు. అద్దె లేకపోవడం, అప్పు లేకపోవడం చిల్లర వ్యాపారంలో ఎంత బలమో తిరుపతిలో సొంత ఇంటి ముందుగదిలో అంగడి పెట్టుకున్నవాళ్లకు బాగా తెలుసు. పోటీని ఎక్కువకాలం తట్టుకునేది కూడా వాళ్లే.

ఈ తేడా మీద వ్యాపారులు ఊరుకోలేదు. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు కొన్ని పెద్ద కంపెనీల సరుకు తీసుకోబోమని సహాయ నిరాకరణకు దిగారు. తమకు 8 నుంచి 12 శాతం ఇస్తూ, పెద్ద గొలుసు దుకాణాలకూ ఆన్‌లైన్ టోకు కంపెనీలకూ 15 నుంచి 20 శాతం ఇస్తున్నారన్నది వాళ్ల ఆరోపణ. అదే కంపెనీ, అదే సబ్బు. కొనే తలుపు వేరు కావడమే తేడా.

అయితే అన్ని వస్తువుల మీదా పెద్ద దుకాణం చౌక కాదు. జనం నోట్లో ధర ఆడే నాలుగైదు వస్తువులు ఉంటాయి: చక్కెర, నూనె, ఎర్రగడ్డలు, టమోటాలు, కందిబేడలు. వీటిని కొన్న ధరకో ఇంకా తక్కువకో పెట్టి, బండి నిండేలోపు కొనే మిగతా వాటి మీద రాబట్టుకుంటారు. నాలుగు కలిపి కట్టిన ప్యాకెట్ దగ్గర కూడా గ్రాము లెక్క చూడాలి. 100 గ్రాముల సబ్బు అంగట్లో 40 రూపాయలు, 125 గ్రాములవి నాలుగు కలిపి అక్కడ 180 అనుకుంటే, గ్రాముకు 40 పైసలు, 36 పైసలు. తేడా పది శాతం. కట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసిన తగ్గింపు ఇంతకన్నా ఎక్కువగా కనిపించవచ్చు. ప్యాకెట్ మీద ఎం.ఆర్.పి. పక్కనే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రించాలన్న నిబంధన ఇప్పుడు ఉంది. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇద్దరూ చదవాల్సిన గీత అది.

పన్ను దగ్గర ఒక మెలిక

2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. 26 కిలోల బియ్యం మూటలు మార్కెట్‌లోకి వచ్చింది ఆ గీత దాటడానికే. 30, 50 కిలోల గోతాంలో వచ్చిన కందిబేడలను కొనేవాళ్ల ఎదుట తూకం వేసి ఇస్తే ఈ పన్ను లేదు. కిలో 120 రూపాయల పప్పు మీద అది 6 రూపాయలు. లేబుల్ ప్యాకెట్లతో నిండిన పెద్ద దుకాణం మీద చిల్లర అంగడికి చట్టమే ఇచ్చిన వెసులుబాటు ఇది. చాలామంది దీన్ని చేజేతులా వదులుకుంటున్నారు. పెద్ద దుకాణంలా కనబడాలని పప్పుల్ని ముందే కిలో ప్యాకెట్లు కట్టి, అంగడి పేరుతో స్టిక్కర్ అంటించి అరల్లో పేరుస్తారు. అలా కట్టిన క్షణం నుంచి పన్ను పరిధీ, తూనికలు కొలతల శాఖ ప్యాకింగ్ నిబంధనలూ రెండూ వర్తిస్తాయి.

ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటితే జీఎస్టీ నమోదు కావాలి. పై ఉదాహరణలోని అంగడి 60 లక్షలు అమ్ముతుంది కాబట్టి తప్పదు. కోటిన్నర లోపు వాళ్లు కాంపోజిషన్ పద్ధతిలో చేరితే పన్ను పడే సరుకు అమ్మకం మీద 1 శాతం కడితే సరిపోతుంది, లెక్కలు తేలిక. కానీ కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. 2025 సెప్టెంబర్ 22న టాయిలెట్ సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ ముందు రోజు వరకు 18 శాతం కలిపి కొన్న పాత సరుకు అరల్లో ఉన్న కాంపోజిషన్ అంగడికి ఆ పన్ను కొన్న ధరలోనే కలిసిపోయి ఉంది. ధర తగ్గే రోజు దగ్గరపడినప్పుడు వారం సరుకే ఉంచుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

బయటి అనుభవం, ఇక్కడి నేల

అమెరికాలో 1962లో మొదలైన వాల్‌మార్ట్ చిన్న ఊళ్లలోకి వెళ్లినప్పుడు ఏమైందో అయోవా రాష్ట్రంలో కెన్నెత్ స్టోన్ అనే ఆర్థికవేత్త ఏళ్ల తరబడి లెక్కలు తీశారు. పెద్ద దుకాణం అమ్మే సరుకే అమ్మేవాళ్లు నష్టపోయారు. అక్కడ దొరకని వస్తువు, దొరకని పని అమ్మినవాళ్లకు ఆ రద్దీ వల్ల మేలు జరిగింది. మన దగ్గర ఇక్రియర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ 2008లో చేసిన అధ్యయనంలో చిల్లర అంగళ్లు ఏడాదికి 4.2 శాతం మూతపడుతున్నాయనీ, పెద్ద దుకాణాల పోటీ వల్ల మూతపడేవి ఏడాదికి 1.7 శాతమేననీ తేలింది. మొదటి ఏళ్లలో ఉండే నష్టం తర్వాత నెమ్మదిస్తుందని కూడా చెప్పారు. ఆ మాటను ఈరోజుకు యథాతథంగా వాడటం సరికాదు. 2008లో ఫోన్‌తో చెల్లింపు లేదు, ఇంటికి తెచ్చి ఇచ్చే యాప్‌లు లేవు. అయినా స్టోన్ చెప్పిన సూత్రం తిరుపతిలో వీధి వీధికీ కనిపిస్తుంది.

బస్టాండు, రైల్వే స్టేషన్, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల అంగళ్లను చూడండి. వాళ్ల ఖాతాదారు యాత్రికుడు. నీళ్ల సీసా, బిస్కెట్లు, కర్పూరం, టెంకాయ, తువ్వాలు చాలు. సూపర్‌మార్కెట్ దాకా వెళ్లే తీరిక ఆయనకు లేదు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో ఆ అంగళ్ల వ్యాపారం భక్తుల రద్దీతో పెరుగుతుందే తప్ప బైపాస్ రోడ్డు దుకాణంతో దానికి సంబంధం లేదు. దెబ్బంతా కాలనీలది. అందులోనూ జీతగాళ్లు ఎక్కువున్న కాలనీలది. విద్యార్థుల మెస్సులు, చిన్న హోటళ్లు, పెళ్లి వంటల వాళ్లు ఇంకో రకం. వాళ్లకు 15 రోజుల గడువు కావాలి, తెల్లవారుజామున ఫోన్ చేస్తే రెండు టిన్నుల నూనె పంపేవాడు కావాలి. పెద్ద దుకాణం ఈ రెండూ చేయదు. మెస్సు ఖాతా ఒక్కటి నిలబెట్టుకున్న అంగడి పది చీటీలు పోయినా తట్టుకుంటుంది, డబ్బు సక్రమంగా వస్తే.

తప్పుదారులు

పోటీ రాగానే చక్కెర, నూనె ధర తగ్గించడం మొదటి తప్పు. కిలో చక్కెర మీద మిగిలేదే రూపాయో రెండో. అది వదులుకున్నా పెద్ద దుకాణం ధరకు చేరరు. రెండోది ఏజెన్సీ స్కీముకు లొంగడం. డజనుకు ఒకటి ఉచితం అంటే 13 వస్తువుల్లో ఒకటి, దాదాపు 7.7 శాతం లాభం. నెలకు ఆరు అమ్మే వస్తువుకు డజను కొంటే రెండు నెలలు డబ్బు అరలో కూర్చుంటుంది. అదే డబ్బు రోజువారీ ఫైనాన్స్‌ది అయితే లాభంలో చాలా భాగం వడ్డీకే పోతుంది. మూడోది, అప్పుచేసి అద్దాలు, ఏసీ, స్టీలు ర్యాకులు పెట్టించడం. వెలుగు మంచిదే, నేల శుభ్రంగా ఉండటం మంచిదే. నెలకు ఎనిమిదివేల వాయిదా మాత్రం పై లెక్కలో మిగిలిన 11,000ను దాదాపు తినేస్తుంది.

నిలబడేది విడి సరుకు మీదే

బియ్యం దగ్గర పెద్ద దుకాణం చెప్పలేనిది ఒకటుంది: ఈ మూట ఎన్ని నెలల పాతది, ఎన్ని నీళ్లు పోయాలి. గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని ఒక గింజ పంటి కింద పెడితే పాతది టప్పున విరుగుతుంది, కొత్తది మెత్తగా నలుగుతుంది. కొత్త బియ్యానికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు చాలు, పాతవాటికి రెండున్నర దాకా పడుతుంది. ఈ మాట ముందే చెప్పి, అన్నం ముద్దయితే మూట వెనక్కి తీసుకుంటానన్న అంగడికి బియ్యం చీటీ తిరిగి వస్తుంది. బియ్యం వచ్చిన ఇంటికే పప్పు, నూనె కూడా వెళతాయి. కందిబేడలు కూడా అంతే. మెరుపు కోసం నూనె రాసిన పప్పును అరచేతిలో రుద్దితే జిడ్డు తగులుతుంది, మెరుపు లేని పప్పుకు పొడి పొడిగా ఉంటుంది. గోతాం మూతి విప్పి పెట్టి, ఖాతాదారు చేత్తో ముట్టి చూసేలా ఉంచడమే ఇక్కడి ప్రచారం.

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఏడాది సరుకు కొనే అలవాటు ఇంకా పోలేదు. చింతపండు, ఎండుమిరపకాయల కొత్తపంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తుంది. కంది జనవరి ప్రాంతంలో. చిత్తూరు బెల్లం, రాగులు, ఉలవలు, అనపగింజలు ఇక్కడి వంటకు ఏడాది పొడవునా కావాలి. మేలో గంగమ్మ జాతర వచ్చిందంటే అంబలికి రాగిపిండి, పొంగళ్లకు బెల్లం అడగని ఇల్లు ఉండదు. నెల ముందే పేర్లు రాసుకుని, బయానా తీసుకుని తెప్పిస్తే పెట్టుబడి ఖాతాదారుదే అవుతుంది. జాగ్రత్త పడాల్సింది తేమ దగ్గర. మిరపకాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి, అనకపోతే గోతాంలో బూజు పడుతుంది. చింతపండు ఎండాకాలంలో రేకుల కింద ఉంచితే నల్లబడుతుంది. నాలుగు బస్తాలు దాటితే కోల్డ్ స్టోరేజీలో పెట్టడమే మేలు.

పద్దు పుస్తకం తీసేయమనడం తేలిక. అది తీసేస్తే మిగిలిన ఖాతాదారులూ పోతారు. చేయదగ్గది హద్దు పెట్టడం. ఒక్కో ఇంటికి వారం సరుకు విలువకు మించి అప్పు లేదు, పాతది కట్టాకే కొత్తది, కూలీ ఇళ్లకు నెలకు కాక వారానికి వసూలు. ఆదివారం కూలి డబ్బు చేతికి వచ్చే ఇంటి దగ్గర పదో తారీఖున అడగడం వల్లే చాలా బాకీలు మొండివి అవుతాయి. మొత్తం అప్పు నెల అమ్మకంలో నాలుగో వంతు దాటనివ్వకూడదు.

కొనుగోలు దగ్గర ఒంటరిగా ఉన్నంతకాలం ధర దిగదు. పది అంగళ్లు 26 కిలోల బియ్యం మూటలు తలా 20 చెప్పుకుంటే 200 మూటలు, 5,200 కిలోలు. మిల్లు నుంచి నేరుగా ఒక చిన్న లారీ నిండుతుంది, మధ్య మెట్టు మార్జిన్ మిగులుతుంది. చెడేది రెండు చోట్ల. చూపించిన నమూనా ఒకటి, దిగిన సరుకు ఇంకొకటి కావడం. దీనికి నమూనా బియ్యం కిలో సంచిలో కట్టి, దాని మీద మిల్లువాళ్ల సంతకం తీసుకుని ఉంచాలి. దించేటప్పుడు ఏవో ఐదు మూటలు కోసి పోల్చాలి, ఈ ఏడాది ముద్ర పడిన కాటా మీద తూచాలి, సంచి బరువు తీసేయాలి. రెండోది డబ్బు. పదిమందిలో ఇద్దరు తర్వాత ఇస్తామంటే మిగతా ఎనిమిది మంది వాళ్లకు అప్పిచ్చినట్టే. మూటలు చెప్పిన రోజే సగం, లారీ దిగక ముందు మిగతా సగం అని పెట్టుకున్న గుంపులే రెండో లోడు దాకా వెళతాయి. మొదట బియ్యం ఒక్కటే తెప్పించడం మంచిది. పప్పుల ధర వారం వారం మారుతుంది, నాణ్యం మీద తగవులు ఎక్కువ. రెండు మూడు లోడ్లు సాఫీగా దిగాక వాటి జోలికి వెళ్లవచ్చు.